కట్టూ - కట్టుబాటూ

మన భాషలో ‘కట్టు’ అన్న మాటకు ఉన్నంత సంసారం మరొక మాటకు లేదేమో! పుట్టిన బిడ్డకు మొలతాడు కడతాము. పెళ్ళికొడుకు చేతికి కంకణం కడతాము. పెళ్ళికూతురు నడుముకు వడ్డాణం, మెడలో మంగళసూత్రం. చంటిపిల్లకు దిష్టితాడు, చెడ్డకలకు తాయెత్తు. ఇన్ని కట్లు సంతోషంగా కట్టించుకునే మనకు, కారులో కూర్చున్నప్పుడు భుజం మీదినుంచి నడుము దాకా రెండంగుళాల పట్టీ ఒకటి పెట్టుకోమంటే మాత్రం ఎక్కడలేని స్వాతంత్ర్యం జ్ఞాపకం వస్తుంది.

“నా కారు, నా ప్రాణం. మధ్య సర్కారుకేం పని?” అన్న ప్రశ్న నలుగురు చదువుకున్నవాళ్ళు కూర్చున్న చోట తప్పక వినిపిస్తుంది. సీటు బెల్టును చట్టంతో నిర్బంధం చేయటం న్యాయమేనా అని వాదించుకుంటారు. వాదం మంచిదే. ఐతే ఆ చట్టం మన దేశంలో వచ్చి చాలా కాలమైనదనీ, అందులో వెనుక సీటువారు కూడా ఉన్నారనీ వాదించేవారిలో చాలామందికి తెలియదు. చట్టం ఉండవలెనా అన్నది సగం ప్రశ్న. ఉన్న చట్టం మన ఇంటి కారులో ఏ సీటు దాకా వచ్చి ఆగిపోయింది అన్నది తక్కిన సగం.

రెండు రహదారుల నడుమ

మచ్చబొల్లారం రెండు పెద్ద రహదారుల నడుమ ఉన్న ఊరు. ఇటు అల్వాల్ వైపు వెళితే హకీంపేట, తూముకుంట, శామీర్‌పేట మీదుగా కరీంనగరం పోయే రాజీవ్ రహదారి. అటు కొంపల్లి వైపు వెళితే మేడ్చల్, తూప్రాన్ దాటి నాగపూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి. ఏ దారిన పోయినా కాసేపటికి 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు అడ్డం వస్తుంది. ఆ రోడ్డు మీద మొదటి రెండు లేన్లలో గరిష్ఠవేగాన్ని 2023లో గంటకు 120 కిలోమీటర్లకు పెంచినారు.

ఒకప్పుడు పట్నానికి దూరంగా కంటోన్మెంటు అంచున ఉన్న ఈ పల్లెలు నేడు కాలనీలైపోయినవి. కాలనీలతో పాటు కార్లూ వచ్చినవి. కొత్త కారు కొనగానే మనం చేసే మర్యాద లోటు లేనిది. చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్టు మీద పసుపుకుంకుమలు, అద్దానికి దండ. తరువాత సీట్లకు మంచి కవర్లు. ఆ కవర్ల కింద వెనుక సీటు బెల్టు కొక్కేలు మూడూ మునిగిపోతవి. కారు అమ్మేసే రోజు దాకా అవి మళ్ళీ వెలుగు చూడవు.

ఆదివారం నాడు ఆ కారు వర్గల్ సరస్వతమ్మ గుడికి బయలుదేరుతుంది. మనవడికి అక్షరాభ్యాసం. నడిపేది కొడుకు, పక్కన తాతగారు. వెనుక నాయనమ్మ, కోడలు, ఆడపడుచు, కోడలి ఒడిలో పలకా బలపం పట్టుకున్న పిల్లవాడు. చౌరస్తాలో పోలీసు కనిపించగానే ముందున్న ఇద్దరూ బెల్టు లాగి పెట్టుకుంటారు. కోడలికి వెనుక కూడా పెట్టుకోవలెనని ఉంటుంది. “అత్తమ్మా, బెల్టు పెట్టుకుంటారా?” అని మెల్లగా అంటుంది. “ఏం గాదు బిడ్డా, ఇంత దూరమే గదా పోయేది! చీరంతా నలిగిపోతది” అంటుంది పెద్దావిడ. పెద్దావిడ పెట్టుకోనప్పుడు తాను మాత్రం పెట్టుకుంటే ఏమి బాగుంటుంది? కోడలు ఊరుకుంటుంది.

ఇందులో ఎవరి తప్పూ లేదు. అందరూ మర్యాదస్థులే. వచ్చిన చిక్కంతా ఆ మర్యాదతోనే.

చార్మినారు మీదినుంచి

కారు వేగం లోపల కూర్చున్నవారికి తెలియదు. కిటికీ మూసి, చల్లని గాలి పెట్టుకుని, పాట వింటూ కూర్చుంటే ఇంట్లో సోఫాలో ఉన్నట్లే ఉంటుంది. కాని కారుతో పాటు మన శరీరం కూడా అదే వేగంతో పోతున్నది. కారు ఠక్కున ఆగితే శరీరం ఆగదు. దాన్ని ఏదో ఒకటి ఆపవలె. బెల్టు ఆపవలె, లేకుంటే స్టీరింగో, అద్దమో, ముందు సీటో ఆపవలె.

దీని దెబ్బ ఎంతటిదో హైస్కూలు లెక్కతోనే తెలుసుకోవచ్చును. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దుకోవటం రెండంతస్తుల మేడ మీదినుంచి నేలమీద పడటంతో సమానం. 60 కిలోమీటర్లైతే సుమారు 14 మీటర్లు, అనగా నాలుగంతస్తుల మేడ. ఔటర్ రింగు రోడ్డు మీద అనుమతించిన 120 కిలోమీటర్లైతే సుమారు 56 మీటర్లు. అది చార్మినారు మీనారు కొసకు తగ్గని ఎత్తు! చార్మినారు ఎక్కినప్పుడు పిట్టగోడ గట్టిగా పట్టుకుంటాము. పిల్లవాడి చెయ్యి వదలము. కారులో మాత్రం అదే పిల్లవాడిని ముందు సీటులో ఒడిలో నిలబెట్టి “అదుగో లారీ చూడు” అంటాము.

“నా ఒడిలో ఉంటే నేను పట్టుకోనా?” అని తల్లి అడుగుతుంది. 40 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ముందుభాగం నలిగి అరమీటరులో ఆగినదనుకుందాము. ఆ క్షణంలో పదికిలోల పిల్లవాణ్ణి పట్టి ఆపటానికి సుమారు 125 కిలోల బరువు మోసేటంత బలం కావలె. పాతిక కిలోల బియ్యం బస్తాలు ఐదు, రెప్పపాటులో! తల్లి ప్రేమకు కొలత లేకపోవచ్చు గాని, తల్లి చేతులకు ఉన్నది.

బెల్టు చేసే పని ఏమంటే, శరీరాన్ని కారుకు కట్టివేయటం. కారు ముందుభాగం నలిగే ఆ కొద్ది దూరమూ, కొద్ది కాలమూ మనకు కూడా లభిస్తవి. ఆ తాకిడి మెడకో, తలకో, పొట్టకో తగలకుండా భుజం, రొమ్ము, తుంటి ఎముకల మీద పరుచుకుంటుంది. ఇప్పటి రూపంలోని మూడు కొసల బెల్టును 1959లో స్వీడను దేశపు వోల్వో కంపెనీలో నీల్స్ బోలిన్ అనే ఇంజనీరు తయారుచేసినాడు. అంతకుముందు ఆయన విమానాలలో పైలటును ప్రమాదసమయంలో బయటకు ఎగరవేసే కుర్చీల మీద పనిచేసినవాడు. మనిషిని బయటకు విసిరే విద్య నేర్చినవాడే, మనిషి బయటకు పడకుండా ఆపే విద్యనూ కనిపెట్టినాడన్న మాట. ఒంటిచేత్తో పెట్టుకోగలిగినట్లు దాన్ని అమర్చినాడు. పేటెంటు ఉన్నప్పటికీ తక్కిన కంపెనీలన్నీ వాడుకోవచ్చునని వోల్వో అన్నది.

ముందు సీటులోని పెద్దలకు బెల్టు మరణప్రమాదాన్ని 45 నుంచి 50 శాతం దాకా తగ్గిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెపుతున్నది. ఇది సంజీవని కాదు. వేగం మితిమీరితే ఏ కట్టూ కాపాడలేదు. కాని సగానికి సగం అంటే చిన్న మాటా? ఏ మందు సీసా మీదనైనా అంత హామీ ఉంటే మందులషాపు ముందు బారులు తీరుతాము.

పెద్దవారి కార్లలో

2014 ఏప్రిల్ 23 రాత్రి ఆళ్ళగడ్డ దగ్గర శోభా నాగిరెడ్డి గారి కారు, రోడ్డు మీద ఆరబోసిన వడ్లకుప్పను తప్పించబోయి తలకిందులైనది. ఎన్నికల ప్రచారం ముగించుకుని ఇంటికి వస్తున్న సమయం. ఆమె కారులోనుంచి బయటకు పడిపోయినారు. మరునాడు హైదరాబాదులో కన్నుమూసినారు. బెల్టు లేకపోవటమే ప్రాణం మీదికి తెచ్చిందని అప్పటి పత్రికలు రాసినవి. 2018 ఆగస్టు 29 తెల్లవారుజామున నందమూరి హరికృష్ణ గారు పెళ్ళికని నెల్లూరు జిల్లాకు స్వయంగా కారు నడుపుకుంటూ వెళుతూ, నల్లగొండ జిల్లా అన్నెపర్తి దగ్గర ప్రమాదానికి లోనై ఇలాగే బయటకు పడి మరణించినారు. ఆయన కూడా బెల్టు పెట్టుకోలేదనే వార్త వచ్చింది. నాలుగేండ్ల కిందట అదే నల్లగొండ జిల్లాలో పెద్దకుమారుణ్ణి రోడ్డుప్రమాదంలోనే పోగొట్టుకున్న తండ్రి ఆయన.

ఇక వెనుక సీటు సంగతి. 2022 సెప్టెంబరు 4న టాటా సంస్థల మాజీ అధ్యక్షుడు సైరస్ మిస్త్రీ అహ్మదాబాదు నుంచి బొంబాయికి వస్తుండగా, పాల్ఘర్ జిల్లాలో సూర్యానది వంతెన మీద కారు గోడను గుద్దుకున్నది. ఖరీదైన కారు, గాలిసంచులు ఉన్న కారు. బెల్టు పెట్టుకున్న ముందు సీటువారు ఇద్దరూ గాయాలతో బతికినారు. బెల్టు లేని వెనుక సీటువారు ఇద్దరూ పోయినారు. వెనుక సీటు అంటే క్షేమమైన సీటు అని మనమందరమూ నమ్ముతాము. గౌరవమైన సీటు అన్నమాట నిజమే. క్షేమమైనది కావాలంటే బెల్టు ఉండవలె.

వీరి పేర్లు చెప్పింది తప్పెంచటానికి కాదు. పేరున్నవారు గనుక వార్త మనదాకా వచ్చింది. పేరు లేనివారి లెక్క ప్రభుత్వ నివేదికలో ఉన్నది. 2022లో మన దేశంలో రోడ్డుప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయినారు. వారిలో బెల్టు పెట్టుకోనివారు 16,715 మంది. నడిపినవారు 8,384, పక్కనా వెనుకా కూర్చున్నవారు 8,331. ఇంచుమించు చెరి సగం! అనగా, నడపనివారు కూడా నడిపినవారంత మంది పోయినారన్న మాట.

ఎవరి ప్రాణం?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. నా ప్రాణం నా ఇష్టం కాదా?

ఒంటరిగా, ఎవరూ లేని మైదానంలో కారు నడుపుకునేవాడికి ఆ వాదం చెల్లవచ్చునేమో. మన కార్లు అలా ఉండవు. వెనుక కూర్చున్న మనిషికి బెల్టు లేకపోతే, కారు ఆగిన క్షణంలో ఆయన బరువంతా ముందు సీటు వెన్ను మీద పడుతుంది. ముందున్నవారు బెల్టు పెట్టుకుని క్షేమంగా ఉన్నా సరే, వెనుకనుంచి వచ్చే దెబ్బకు నలిగిపోతారు. 2002లో జపాను పరిశోధకులు ‘లాన్సెట్’ వైద్యపత్రికలో ఒక లెక్క ప్రకటించినారు. వెనుకవారు బెల్టు లేకుండా ఉంటే, బెల్టు పెట్టుకున్న ముందువారు కూడా చనిపోయే అవకాశం దాదాపు ఐదు రెట్లు పెరుగుతున్నదట. కనుక నాయనమ్మ బెల్టు పెట్టుకోకపోవటం ఆమె సొంత విషయం కాదు. ముందు కూర్చున్నది ఆమె కన్నకొడుకే.

రెండవ వాదం ఆర్థికశాస్త్రజ్ఞులది. బెల్టు ధైర్యంతో జనం మరింత వేగంగా నడుపుతారనీ, ఆ ఫలితం పాదచారుల మీద పడుతుందనీ 1975లో షికాగో విశ్వవిద్యాలయపు శామ్ పెల్ట్జ్‌మన్ రాసినాడు. కొట్టివేయవలసిన మాట కాదు. బెల్టు చట్టం వేగం చట్టానికి తోడుగా ఉండవలెనే గాని బదులుగా కాదు అని దీని నుంచి నేర్చుకోవలె. బ్రిటనులో 1983లో ఈ చట్టాన్ని మూడేండ్ల ప్రయోగంగానే పెట్టినారు. ఫలితం చూసి 1986లో పార్లమెంటు శాశ్వతం చేసింది.

మూడవది మన కోస్తావాళ్ళ భయం. “కారు కాలువలో పడితే బెల్టు వల్ల బయటపడలేము గదా!” బయటపడాలంటే ముందు స్పృహలో ఉండవలె. తల పగలకుండా ఉన్నవాడే మీట నొక్కి బెల్టు విప్పుకోగలడు. పైగా నీళ్ళలో, నిప్పులో పడే ప్రమాదాలు నూటికి ఏ ఒకటో అరో. తక్కినవన్నీ గుద్దుకోవటాలూ తలకిందులు కావటాలూ.

నాలుగవది న్యాయమైన ఫిర్యాదు. “బెల్టు ఉన్నవాడికి చట్టం సరే, బెల్టే లేని ఆటోలో బడిపిల్లలు పోతున్నారే, వారి సంగతి?” నిజమే. బడిసంచులు బయట వేలాడుతూ, పిల్లలు లోపల కిక్కిరిసి పోయే ఆటోలను మన వీధులలో రోజూ చూస్తున్నాము. అదే 2022లో హెల్మెట్టు లేక పోయినవారు 50,029 మంది, బెల్టు లేక పోయినవారికి ఇంచుమించు మూడు రెట్లు. కారు చట్టంతోనే రోడ్లు బాగుపడిపోవు. కాని పక్కింటికి నీళ్ళు రాలేదని మన ఇంట్లో వచ్చిన కుళాయి కట్టివేసుకోము గదా!

చెప్పి చూసి, చట్టం చేసి

చెపితే వినరా, చట్టం ఎందుకు అంటారు కొందరు. చెప్పి చూసినవారు ఉన్నారు. బ్రిటనులో ఏండ్ల తరబడి ప్రకటనలు చేసినా నూటికి సుమారు నలభైమంది కంటే ఎక్కువ పెట్టుకోలేదు. 1983 జనవరి 31న చట్టం అమలులోకి రాగానే ఆ సంఖ్య తొంభై దాటింది. మనుషులు అవే మనుషులు, కార్లు అవే కార్లు. అంతకు ముందు 1970 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం మొట్టమొదట ఈ నిర్బంధాన్ని తెచ్చింది. తరువాత ప్రపంచమంతా దాని వెంట నడిచింది.

మన దేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 138వ నియమం, బెల్టులు అమర్చిన కారులో నడిపేవారూ, ముందు కూర్చున్నవారూ, వెనుక సీటులో ముందుకు తిరిగి కూర్చున్నవారూ బెల్టు పెట్టుకోవలెనని చెపుతున్నది. 2019 సవరణ చట్టంలోని 194-బి సెక్షను జరిమానాను వెయ్యి రూపాయలు చేసింది. 14 ఏండ్ల లోపు పిల్లలకు బెల్టుగాని, పిల్లల సీటుగాని లేకుండా తీసుకుపోయినా అంతే.

చట్టానికి ఏమీ లోటు లేదు. లోటు ఎక్కడున్నదంటే, కూడలిలోని కెమెరా ముందు సీటును చూస్తుంది, పోలీసు ముందు సీటును చూస్తాడు, అందుచేత మనమూ చట్టం ముందు సీటుదే అనుకుంటాము. కొందరి తెలివి అక్కడితో ఆగలేదు. బెల్టు పెట్టుకోకపోతే కారు చేసే చప్పుడును ఆపటానికి ఉత్త కొక్కెం ఒకటి కొని గుచ్చుతున్నారు. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఐదు ఆన్‌లైను దుకాణాలచేత ఇలాంటి సరుకుల ప్రకటనలు 13,118 తీసివేయించింది. కావలివాడు అరిస్తే దొంగ వచ్చాడేమోనని చూడాలి గాని, కావలివాడి నోట్లో గుడ్డలు కుక్కుతామా?

మొహమాటానికి మందు

చట్టం కావలెననటానికి నాకు తోచిన పెద్ద కారణం జరిమానా కాదు, మొహమాటం.

మన సంసారాలలో చిన్నవారు పెద్దవారికి చెప్పలేని మాటలు చాలా ఉన్నవి. కోడలు అత్తగారికి చెప్పలేదు. అల్లుడు మామగారికి చెప్పలేడు. జీతానికి నడిపే డ్రైవరు యజమానికి అసలే చెప్పలేడు; చెపితే “నువ్వు ముందు చూసి నడుపు” అంటారు. “బెల్టు పెట్టుకోండి” అనటంలో “నా డ్రైవింగు మీద నాకే నమ్మకం లేదు” అన్న అపశకునం కూడా వినిపిస్తుంది. మంచిపనికి పోతూ అలాంటి మాట ఎవరు అంటారు?

అక్కడే చట్టం పనికివస్తుంది. “నేను అనటం లేదండీ, రూలు అలా ఉన్నది” అన్న ఒక్క మాటతో కోడలికి నోరు వస్తుంది. పెద్దావిడకూ చిన్నతనం లేదు. ఆమె కోడలి మాట వినలేదు, సర్కారు మాట విన్నది! విమానంలో మనకంటే ఎంతో చిన్న పిల్ల వచ్చి బెల్టు పెట్టుకోమంటే మంత్రిగారైనా పెట్టుకుంటారు. ఎవరికీ అవమానం అనిపించదు. ఎందుకంటే అందరికీ ఒకటే కట్టుబాటు. మంచి చట్టం చెప్పలేనివాడి పక్షాన నిలబడి మాట్లాడుతుంది. ముందు సీటు దగ్గరే ఆగిపోయిన చట్టం డబ్బు వసూలు చేయగలదు గాని, వెనుక సీటులోని కోడలికి నోరు ఇవ్వలేదు.

కనుక కావలసింది కొత్త చట్టం కాదు, ఉన్నదాన్ని వెనుక సీటు దాకా నడిపించటం. శామీర్‌పేట వద్దా మేడ్చల్ వద్దా ఔటర్ రింగు రోడ్డు ఎక్కే ప్రతి కారూ టోలుగేటు దగ్గర నెమ్మదిస్తుంది. అక్కడ “వెనుకవారు బెల్టు పెట్టుకున్నారా?” అని తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక పలక, అడిగేందుకు ఒక మనిషి ఉంటే చాలును. మొదటి కొన్ని నెలలు జరిమానా కూడా అక్కరలేదు. పెట్టుకున్న తరువాతనే గేటు తెరిస్తే సరి.

సర్కారు చేసేలోపు మన చేతిలో ఉన్నవి మూడు. ఒకటి, ఈ ఆదివారమే సీటు కవర్లు లేపి కొక్కేలు పైకి తీయండి. రెండు, పిల్లవాడిని ముందు సీటు ఒడిలోనుంచి దించి, వెనుక అతని ఈడుకు తగిన సీటులో కట్టి కూర్చోబెట్టండి. గర్భవతులు కూడా పెట్టుకోవలసిందే. కింది పట్టీ పొట్ట మీద కాక, పొట్ట కిందుగా తుంటి మీద ఉండవలె. మూడవది, ఇది పెద్దలకు విన్నపం. అందరికన్నా ముందు మీరు పెట్టుకోండి. మీరు పెట్టుకుంటే కోడలు అడగవలసిన పని లేదు, డ్రైవరు జంకవలసిన పని లేదు, మనవడు అల్లరి చేసినా “తాత పెట్టుకున్నాడు చూడు” అంటే ఊరుకుంటాడు.

ఇంటి కట్టుబాట్లు పెట్టింది ఎప్పుడూ పెద్దలే. ఈ ఒక్కటీ కూడా వారే పెడితే, పోలీసు వెయ్యి రూపాయల రసీదు ఊరకే జేబులో పెట్టుకుని నిలబడవలసి వస్తుంది. అలా నిలబడనివ్వండి!